నిలువు పాఠకులు

పత్రికలకు పాఠకులు కరువయ్యారని విజయవాడ మీద ఎవరైనా నింద వేస్తే నేను సహించలేను. ఏలూరు రోడ్డులో ఏ పుస్తకాల బడ్డీ దగ్గరికి పొద్దుగూకిన తర్వాత వెళ్లినా, ఇద్దరు ముగ్గురు నిలబడి ఏకాగ్రతతో చదువుతూ కనిపిస్తారు. కరువైనది కొనేవాళ్లే తప్ప చదివేవాళ్లు కారు. ఈ నిలువు పాఠకులు పత్రికా రంగానికి చేస్తున్న సేవ ఎక్కడా నమోదు కాకపోవడం అన్యాయం కనుక, ఆ లోటును చేతనైనంతలో పూడ్చదలిచాను.

ఆ మధ్య అలాంటి ఒక పెద్దమనిషిని దగ్గర నుంచి చూసే భాగ్యం నాకు కలిగింది. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఇంకెవరూ కౌంటరు దాకా రావడానికి వీల్లేకుండా తన స్కూటరును అడ్డంగా నిలిపి, తాడుకు క్లిప్పుతో వేలాడుతున్న వారపత్రికను పెరట్లో జామకాయ కోసుకున్నంత చనువుగా లాగారు. వేలు నాలుకకు అద్దుకుని ముందు వారఫలాలు తీశారు. తన రాశి చూశారు, భార్య రాశి చూశారు, కొంత ఆందోళనతో అల్లుడి రాశి కూడా చూశారు. తర్వాత సీరియల్ అందుకున్నారు గానీ కిందటి వారం భాగం చదవనందువల్ల కథ అందలేదు. పాత సంచిక ఏదని అడిగి, ఏజెంటుకు తిరిగి ఇచ్చేశానని బడ్డీ యజమాని చెప్పగానే, పాఠకుల సౌకర్యం ఏమాత్రం పట్టదా అని మందలించారు. ఆ తర్వాత గళ్ల నుడికట్టు. జేబులో రెండు పెన్నులున్న ఆ మహానుభావుడు బడ్డీ యజమానిని పెన్ను అడిగారు. అతను ఇచ్చాడు.

"ఏమోయ్, కృష్ణలో కలిసే ఏరు, మూడక్షరాలు?"

"మున్నేరు అయ్యుంటుందండీ," అన్నాడతను, ఇంకొకరికి చిల్లర లెక్కపెడుతూ.

అడ్డాలు, నిలువులు పూర్తయ్యాక పత్రికను మళ్లీ క్లిప్పుకు తగిలించి, సంతాప ప్రసంగం ఆరంభించారు. చందమామ పోయిందన్నారు, చతుర పోయిందన్నారు, ఈ కాలం జనానికి చదివే అలవాటే పోయిందన్నారు. ప్రసంగంతో గొంతు పట్టేసింది కాబోలు, ఒక దగ్గు బిళ్ల కొనుక్కుని వెళ్లారు.

సంతాపానికి మన ఊళ్లో ఎప్పుడూ లోటు లేదు. 1947 జూలైలో మద్రాసులో పుట్టిన చందమామ ఆగిపోతే కన్నీళ్లు పెట్టుకున్నాం. 1978లో మొదలైన చతుర, విపుల కరోనా దెబ్బకు మూతపడితే వాట్సాప్‌లో దీపాలు వెలిగించాం. ఆంధ్రజ్యోతి దినపత్రిక 1960లో ఇక్కడే పుట్టిందని, స్వాతి మాసపత్రిక 1970లో, వారపత్రిక 1984లో ఈ ఊరి నుంచే వెలువడ్డాయని పొరుగూరి వాళ్ల దగ్గర గొప్పలు చెప్పుకుంటాం. అయితే చతుర బతికున్న రోజుల్లో చివరిసారి ఎప్పుడు కొన్నారని ఈ దుఃఖితులను అడగకూడదు, అది మర్యాద కాదు. వెనకటికి వీధివీధినా అద్దె పుస్తకాల షాపులుండేవి. ఆ పాఠకుడు కూడా కొనలేదన్నది నిజమే. కానీ రోజుకింతని పైసలిచ్చి తీసుకెళ్లి, తిరిగివ్వడం ఒక రోజు ఆలస్యమైతే ఆ అద్దె కూడా కట్టి పోయేవాడు.

ఆ నుడికట్టు నింపిన కాపీ సంగతి చెప్పనేలేదు. అమ్ముడుపోని కాపీని ఏజెంటు వెనక్కి తీసుకోవాలంటే అది నలగకుండా, గీతల్లేకుండా ఉండాలి. మున్నేరు రాసిన కాపీని ఎవడు తీసుకుంటాడు? దాని ఖరీదు, తెల్లవారకముందే లేచి కట్టలు విప్పి, అనుబంధాలు ఒక్కొక్కటిగా పేపర్లలో దూర్చి, రాత్రి దాకా నిలబడే ఆ మనిషి నెత్తినే పడుతుంది. ఒక్కో కాపీ మీద అతనికి మిగిలే నాలుగు రూపాయలూ మీ తీరిక వేళ వినోదానికి పెట్టుబడి కావాలా? నెలనెలా పింఛను తీసుకుంటూ, కాఫీ హోటల్లో టిప్పు వదిలి వస్తూ, ఒక వారపత్రిక దగ్గరికి వచ్చేసరికి మీ చెయ్యి జేబులోకి ఎందుకు వెళ్లదు? పైగా పత్రికలు చచ్చిపోతున్నాయని అతనికే ఉపన్యాసమా? అవి వాటంతటవి చావడం లేదు స్వామీ, మీరు చంపుతున్నారు.

ఇక నిలబడే ఓపిక కూడా లేని పాఠకుల కోసం పీడీఎఫ్ వచ్చింది. సాహిత్య సేవ పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపుల్లో, పత్రిక బడ్డీకి చేరిన పూటే అట్ట నుంచి అట్ట దాకా స్కాన్ చేసి పంచిపెడతారు. దానికింద యాభై దండాలు, పాతిక పూలగుత్తులు. అందులో కథ అచ్చయిన రచయిత్రికే ఆ పీడీఎఫ్ పంపి, "మీ కథ కళ్ల నీళ్లు తెప్పించిందమ్మా" అని రాసినవారున్నారు. ఆమె ఏం జవాబిస్తుంది? కృతజ్ఞతలు అని రాసింది పాపం.

అలాంటి ఒక గ్రూపులో నన్ను కూడా చేర్చారు. ఈమధ్య అందులో ఒకాయన, ఈ వారం సంచిక ఇంకా పెట్టలేదేమిటి, పాఠకుల పట్ల ఇంత నిర్లక్ష్యమా అని కోప్పడ్డారు. సంచిక వచ్చిందని, బడ్డీలో వేలాడుతోందని, ధర అట్ట మీదే వేసి ఉందని వినయంగా తెలియజేశాను. సాహిత్య వాతావరణాన్ని కలుషితం చేస్తున్నానని చెప్పి అడ్మిన్ నన్ను తీసేశారు.