చిల్లర రోల్స్‌లో వెండి, పూజగదిలో రూపాయి

శనివారం ఉదయం కాఫీలు అయ్యాక మా వంటింటి బల్లమీద పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి పరుస్తాం. బ్యాంకు నుంచి తెచ్చిన హాఫ్ డాలర్ల (50 సెంట్ల నాణేల) పెట్టెను దాని మీదకు దించుతాం. పెట్టెలో కాగితంలో చుట్టిన 50 రోల్స్, రోలుకు 20 నాణేలు, మొత్తం 500 డాలర్లు; బరువు 11 కిలోలు దాటుతుంది కాబట్టి కారు నుంచి బల్ల దాకా తేవడమే ఒక పని. రోలు కాగితం చించాక నాణేలను చెదరనివ్వకుండా వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, కిటికీ వెలుతురులో అంచులు చూడాలి. 1971 నుంచి వచ్చిన మామూలు నాణేలకు అంచున రాగి చార ఉంటుంది, అందువల్ల రోలంతా ఎర్రమట్టి గీతలు గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీతల మధ్య ఒక్క అంచు మాత్రం చార లేకుండా తెల్లగా ఉందంటే అది చాలావరకు 1964 నాటిదో అంతకు ముందుదో అయి ఉంటుంది, అందులో నూటికి 90 పాళ్లు వెండి. చార ఉందో లేదో తేల్చుకోలేనంత మసకగా, బూడిదరంగులో ఉంటే అది 1965కూ 1970కీ మధ్యది, అందులో వెండి 40 పాళ్లు. మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈ తేడాను ఇప్పుడు నాకంటే ముందు తనే పట్టేస్తుంది.

బ్యాంకులో ముఖవిలువకే నాణేల రోల్స్ తీసుకుని, వాటిలోని వెండి నాణేలనూ అరుదైన నాణేలనూ ఏరుకుని, మిగిలినవాటిని తిరిగి జమచేసే ఈ వ్యాపకాన్ని అమెరికాలో కాయిన్ రోల్ హంటింగ్ అంటారు. వెండి ధర పెరిగినప్పుడల్లా ఇక్కడి మన తెలుగు సంఘం విందుల్లో దీని ప్రస్తావన వస్తోంది. ఎవరో ఒకరు ఫోనులో వీడియో చూపించి, పైసా నష్టం లేని ఆదాయం ఇదేనని చెబుతున్నారు. ఐదేళ్లుగా నేను ఈ పని చేస్తున్నాను. ఇది నాకెంతో ఇష్టమైన పని కనుకనే నా అభిప్రాయం సూటిగా చెప్పదలచుకున్నాను. ఆదాయం కోసమైతే దీని జోలికి వెళ్లవద్దు. ఇంట్లో పిల్లలుండి, వాళ్లకు నాణెం చదవడం నేర్పాలనుకుంటే మాత్రం తప్పక మొదలుపెట్టండి, ఎందుకంటే ఆ చదువు మన ఇళ్లకు ఇతరుల ఇళ్లకంటే ఎక్కువ అవసరం.

ముందుగా ఈ వెండి ఎందుకు పోయిందో, పోయాక కూడా కొంత ఎందుకు మిగిలిందో తెలుసుకోవాలి. 1964 వరకు డైము (10 సెంట్లు), క్వార్టరు (25 సెంట్లు), హాఫ్ డాలరు మూడూ 90 శాతం వెండితోనే తయారయ్యేవి. వెండి ధర ఎగబాకి, నాణెంలోని లోహం విలువ ముఖవిలువను తాకే స్థితి వచ్చేసరికి జనం వాటిని దాచుకోసాగారు, దేశమంతటా చిల్లరకు కటకట ఏర్పడింది. 1965 జూలై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం చేశారు. దానితో డైము, క్వార్టరులలో వెండి పూర్తిగా పోయింది. హాఫ్ డాలరులో 40 శాతానికి దిగింది, 1971 నుంచి అదీ లేదు.

హాఫ్ డాలరు సంగతి కొంచెం విడిగా చెప్పాలి. 1963 నవంబరులో అధ్యక్షుడు జాన్ కెనెడీ హత్యకు గురైన కొద్ది నెలలకే, 1964 మార్చిలో, ఆయన బొమ్మతో హాఫ్ డాలరు విడుదలైంది. జనం బారులు తీరి తీసుకున్నది ఖర్చుపెట్టడానికి కాదు, ఆయన గుర్తుగా దాచుకోవడానికి. ఆ తర్వాత ఆ నాణెం చిల్లరగా మళ్లీ నిలదొక్కుకోలేదు. దుకాణాల గల్లాపెట్టెల్లో సాధారణంగా దానికి గడి ఉండదు, డబ్బులు వేస్తే వస్తువులిచ్చే యంత్రాలు చాలావరకు దాన్ని తీసుకోవు. 2002 నుంచి 2020 వరకు టంకశాల హాఫ్ డాలర్లను చలామణికి పంపనేలేదు, సేకర్తలకు మాత్రమే అమ్మింది. క్వార్టర్లు, డైములు అరవయ్యేళ్లుగా ఎన్నో కోట్ల చేతుల జల్లెడలో పడ్డాయి; 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు చేరినప్పుడు ఎన్నో కొలిమికి పోయాయి. హాఫ్ డాలర్లలో మాత్రం కొన్ని బ్యాంకు వాల్టుల్లో ఎవరికీ పట్టనట్టు పడి ఉన్నాయి. అందుకే ఈనాటికీ వెండి వెతికేవాళ్లు ముందుగా వాటినే అడుగుతారు.

ఇక లెక్కకు వద్దాం. 1964 హాఫ్ డాలరు 12.5 గ్రాములు తూగుతుంది, అందులో మేలిమి వెండి 11.25 గ్రాములు, అంటే నేటి బజారు లెక్కలో తులానికి కాస్త పైన. 40 శాతం నాణెంలో ఉండేది 4.6 గ్రాములు. ఔన్సు 30 డాలర్లనుకుంటే మొదటిదాని వెండి విలువ దాదాపు 10.85 డాలర్లు, రెండోదానిది దాదాపు 4.44 డాలర్లు. ధర ఎన్ని రెట్లయితే ఇవీ అన్ని రెట్లవుతాయి, వినడానికి బాగానే ఉంటుంది. అయితే మా ఇంట్లో ప్రతి పెట్టెకూ ఒక నోటుపుస్తకం రాస్తున్నాం. ఒక పెట్టెలో నాలుగు 40 శాతం నాణేలూ ఒక 1964 నాణెమూ దొరికాయి. ఆ తర్వాత వరుసగా ఆరు పెట్టెల్లో ఒక్కటీ లేదు. పెట్టెకు రెండు గంటలు వెతకడం, తేవడానికీ తిరిగి ఇవ్వడానికీ రెండు ప్రయాణాలు, పెట్రోలు, అన్నీ కలిపితే కూలి కూడా గిట్టదు. నాణెం ముఖవిలువకు దిగువన పడదు కాబట్టి అసలుకు మోసం లేదనే మాట నిజమే. కానీ గడిచిన శనివారాలను ఏ బ్యాంకూ వెనక్కి తీసుకోదు. వీడియోలు తీసేవాళ్లు వట్టి చేతులతో లేచిన రోజును చూపించరు, ఆ రోజులే ఎక్కువ.

అసలు ఇంతకాలం తర్వాత కూడా ఈ వెండి బ్యాంకులోకి ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్న నాకు మొదటి రెండేళ్లూ తట్టనేలేదు. ఒకరోజు బ్యాంకు కౌంటరులో ఉండే టెల్లరు దగ్గర ఎవరో చేతితో చుట్టి ఇచ్చిన రోల్స్ కొన్ని ఉంటే తీసుకున్నాను. వాటిలో ఒకదాని కాగితం పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర చిట్లి ఉంది. దాని మీద పెన్సిలుతో, వణికిన చేతిరాతతో, 1964 అని రాసి ఉంది. విప్పితే ఇరవైకి ఇరవై నాణేలూ కెనెడీ బొమ్మవే, అన్నీ 1964 నాటివే, నిన్న అచ్చయినట్టు మెరుస్తున్నాయి. ఇంట్లో ఆ పూటంతా సంబరమే. సాయంత్రానికి ఆ కాగితాన్ని పారేయబోతూ ఆగిపోయాను. ఆ అంకె రాసిన మనిషికి తాను ఏమి దాస్తున్నదీ తెలుసు. తెలిసే విడిగా చుట్టి, గుర్తు పెట్టి, ఇన్నేళ్లు ఉంచారు. తెచ్చి బ్యాంకులో పది డాలర్లకు జమచేసినవారికి తెలియదు. బహుశా పెద్దాయనో పెద్దావిడో పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ, అటకమీది డబ్బాను ఉన్నపళాన తెచ్చి ఇచ్చి ఉంటారు. మాకు దొరికిన అదృష్టం ఒక ఇంట్లో తెగిపోయిన మాట. తల్లిదండ్రులు చెప్పకపోవడం వల్లనో, పిల్లలు అడగకపోవడం వల్లనో ఒక తరం కూడబెట్టింది మరో తరం చూడకుండానే చేజారిపోయింది. ఆ కాగితాన్ని నోటుపుస్తకంలో అతికించాను.

బ్యాంకు సిబ్బంది విషయంలో కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇందులో తప్పు చేసినదాన్ని నేనే. మొదట్లో ఒకే శాఖలో పెట్టెలు తీసుకుని, వెతికిన నాణేలను వారం తిరక్కుండా అక్కడే జమచేసేదాన్ని. మూడో వారం అక్కడి టెల్లరు నన్ను పక్కకు పిలిచి, తమ చిన్న వాల్టు నిండిపోయిందనీ, మిగులు నాణేలను పంపించడానికి వచ్చే సాయుధ వాహనానికి తమ శాఖే డబ్బు కట్టాలనీ ఎంతో మర్యాదగా చెప్పింది. ఆమె వయసు మా అమ్మ వయసుకు దగ్గర. నేను ఇచ్చిన పదకొండు కిలోల పెట్టెలను లోపలికి మోసింది ఆమే. తీసుకునే చోట తిరిగి ఇవ్వకూడదనీ, నాణేలు లెక్కించే యంత్రం ఉన్న మరో బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ జమచేయాలనీ ఈ వ్యాపకంలో ఉన్న పాతవాళ్లందరికీ తెలుసు; ఆ రెండోదాన్ని డంప్ బ్యాంక్ అంటారు. అక్కడ కూడా రద్దీ లేని వేళ చూసి వెళ్లాలి, ఖాతాదారుగా ఇతర లావాదేవీలు కూడా వారితో నడపాలి, నాణేలు ఏరిన రోల్స్‌ను తక్కువ నాణేలతో తిరిగి చుట్టి ఇవ్వకూడదు. మన ఖాళీ సమయపు సరదా బరువు మరొకరి నడుము మీద పడకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇది పాటించలేనివాళ్లు పెట్టెల జోలికి పోకుండా నాలుగు రోల్స్‌తో సరిపెట్టుకోవడం మంచిది.

పిల్లలతో మొదలుపెట్టేవాళ్లకు 500 డాలర్ల పెట్టె అవసరమే లేదు. పెన్నీలు (ఒక సెంటు నాణేలు) చాలు, రోలుకు 50 పెన్నీలు, ఖరీదు అర డాలరు. 1909 నుంచి 1958 వరకు వచ్చిన లింకన్ పెన్నీల వెనుక రెండు గోధుమ వెన్నులు ఉంటాయి, పిల్లలు వాటిని ఇట్టే గుర్తుపడతారు. 1982లో రాగి పోయి జింకు వచ్చింది; పాతది 3.11 గ్రాములు, కొత్తది 2.5 గ్రాములు, గ్రాములో భాగాలు చూపే చిన్న తక్కెడ మీద తేడా తెలుస్తుంది. ఏరిన రాగి పెన్నీలను కరిగించడం మాత్రం 2006 నుంచి నిషిద్ధం. 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణికోసం ఆఖరి పెన్నీలు అచ్చయ్యాయి కనుక, 1793లో మొదలైన ఒక వరుస మన పిల్లల కళ్లముందే ముగిసింది. ఆ తర్వాత నికెల్స్, అంటే అయిదు సెంట్ల నాణేలు. రెండో ప్రపంచయుద్ధంలో నికెల్ లోహం సైన్యానికి అవసరమై, 1942 నుంచి 1945 వరకు ఆ నాణేలలో 35 శాతం వెండి కలిపారు. వెనుక ఉండే మాంటిచెల్లో భవనం బొమ్మలో గోపురం పైన పెద్ద అక్షరం ఉంటే అది ఆ యుద్ధకాలపు నాణెం. ఆ అక్షరం నాణెం ఏ టంకశాలదో చెబుతుంది: పి అంటే ఫిలడెల్ఫియా, డి అంటే డెన్వర్, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో. 2019, 2020 సంవత్సరాల క్వార్టర్లలో కొన్నింటి మీద, అంటే వెస్ట్ పాయింట్ టంకశాలలో అచ్చయినవాటి మీద, డబ్ల్యూ ఉంటుంది. ఒక్కో బొమ్మకు 20 లక్షల చొప్పున పది రకాలు చలామణిలోకి వదిలారు. వాటిలో వెండి లేదు, అయినా సేకర్తలు ముఖవిలువకు ఎన్నో రెట్లు ఇస్తారు. లోహం ఒక్కటే విలువ కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఈ అక్షరాల చదువు మన ఇళ్లకు ఎందుకు మరింత అవసరమో ఇప్పుడు చెబుతాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలావాటిలో పూజగదిలో, కుంకుమభరిణెల పక్కన, పాత వెండి రూపాయలు ఒకటో రెండో ఉంటాయి. అత్తగారు ఇచ్చినవి, తాంబూలంలో వచ్చినవి, బిడ్డ పుట్టినప్పుడు చేతిలో పెట్టినవి. లక్ష్మీపూజకు బయటికి తీసి, కడిగి, బొట్టుపెట్టి, మళ్లీ లోపల పెడతాం. వాటి మీద ఎవరి బొమ్మ ఉందో, ఏ సంవత్సరం ఉందో ఎంతమందిమి చూశాం? విక్టోరియా నుంచి అయిదో జార్జి దాకా వచ్చిన రూపాయి సరిగ్గా ఒక పాతకాలపు తులం, 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. ఆరో జార్జి కాలంలో, 1940లో, అది 50 శాతానికి దిగింది. 1947 నాటికి వెండి పూర్తిగా పోయి, వెనుక పులి బొమ్మతో నికెల్ రూపాయి వచ్చింది. కెనెడీ నాణెం 1965లోనూ 1971లోనూ దిగిన మెట్లనే మన రూపాయి పాతికేళ్ల ముందే దిగింది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఇది తెలియకపోతే, రేపు మన ఇళ్లు ఖాళీ చేసే రోజున ఆ రూపాయలు పాత సామాన్ల పెట్టెలో పోతాయి. వాటికి అమెరికా బ్యాంకులో పది డాలర్లు కూడా రావు.

అందుకే పోయిన వేసవిలో మా అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు, తను ఎప్పుడూ వెంట తెచ్చుకునే దేవుడి సంచిని మా అమ్మాయి ముందు విప్పమన్నాను. అదే బల్ల, అదే దుప్పటి మడత. నాలుగు రూపాయలు బయటపడ్డాయి; పిల్ల వాటి సంవత్సరాలు చూసి మూడింటిలో 91.7 శాతం వెండి, ఒకదానిలో సగమే అని తనంతట తనే విడదీసింది. సంచి అడుగున అంచంతా అలలు అలలుగా ఉన్న ఒక చిన్న నాణెం మిగిలింది, అయిదో జార్జి నాటి అణా. వెండిది కాదు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. పిల్ల భూతద్దం పెట్టి వెనుకవైపు చాలాసేపు చూసింది. ఆ అణాల మీద విలువను ఇంగ్లీషుతో పాటు మన దేశపు నాలుగు లిపుల్లో రాసేవారు, వాటిలో ఒకటి తెలుగు.

"అమ్మమ్మా, ఇందులో తెలుగుంది," అంది.

మా అమ్మ ఆ నాణేన్ని డెబ్బై ఏళ్లుగా శుక్రవారం శుక్రవారం తుడిచి బొట్టు పెడుతోంది. కళ్లజోడు తెచ్చుకుని, నాణేన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్లింది.