సీతాకోకచిలుక ముక్కు మీదే వాలాలి

కుందేలుకు నాలుగు కాళ్లు, రెండు పొడవాటి చెవులు, ఒక పొట్టి తోక ఉంటే సరిపోతుందని నమ్మే అమాయకులు లోకంలో ఇంకా చాలామంది ఉన్నారు. పాపం, వాళ్లు ప్రమాణ గ్రంథం తిరగేసి ఉండరు. అమెరికా కుందేళ్ల పెంపకందారుల సంఘం 1910లో పుట్టినప్పటి నుంచి ఈ అజ్ఞానం మీద అలుపెరగని పోరాటం చేస్తోంది. సంఘం అచ్చువేసే ‘స్టాండర్డ్ ఆఫ్ పర్ఫెక్షన్’లో 50కి పైగా జాతుల పరిపూర్ణత ఖరారైపోయి ఉంది. చెవి ఎంత పొడవుండాలి, వీపు ఏ వంపు తిరగాలి, బొచ్చు ఎంత దట్టంగా ఉండాలి, కన్ను ఏ రంగులో మెరవాలి, అన్నిటికీ అందులో జవాబుంది. కుందేళ్ల పోటీల్లో ఈ కొలతలకు వేసే మొత్తం మార్కులు 100. ఐదేళ్లకోసారి ఆ పరిపూర్ణతను సవరిస్తారు కూడా. పరిపూర్ణమైనదాన్ని మళ్లీ మళ్లీ దిద్దుకునేంత ఓపిక దేవుడికైనా లేకపోయింది. ఆయన కుందేలును ఒకసారి చేసి వదిలేశాడు. మిగిలిన పని పెంపకందారులు నెత్తిన వేసుకున్నారు.

పోటీ బల్ల దగ్గర ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే గాని ఈ బాధ్యత బరువు అర్థం కాదు. న్యాయనిర్ణేత కుందేలును వెల్లకిలా తిప్పి, బొటనవేలితో పెదవిని పక్కకు నెట్టి పళ్లు చూస్తాడు. పై పళ్లు కింది పళ్ల మీదికి రావాలి. రాకపోతే పోటీ అక్కడితో సరి. తర్వాత పాదం పట్టుకుని, బొచ్చులో దాక్కున్న గోళ్లను ఒక్కొక్కటిగా నొక్కి బయటికి తెస్తాడు. నిండు రంగు ఉండాల్సిన జాతుల్లో ఒక్క గోరు తెల్లగా పాలిపోయి కనిపించినా అనర్హతే. మొత్తం 18 గోళ్లలో 17 నల్లగానే ఉన్నాయి కదా అన్న వాదన చెల్లదు. మెజారిటీ సూత్రం ప్రభుత్వాలకు సరిపోతుందేమో గాని కుందేలు పాదానికి సరిపోదు.

చించిల్లా జాతి కుందేలు వంతు వస్తే వ్యవహారం మరీ సూక్ష్మం. న్యాయనిర్ణేత దాని డొక్క మీద నోటితో ఊదుతాడు. బొచ్చు విచ్చుకుని లోపలి వలయాలు బయటపడాలి: చర్మం దగ్గర పలక రంగు, దాని పైన ముత్యపు రంగు, కొసల్లో నలుపు. వలయాలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి మసకబారితే మార్కులు పోతాయి. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి మన జుట్టులోకి ఊది, కుదుళ్లు చూసి, పెదవి విరిచి, పక్కవాడితో ఆ సంగతి కార్డు మీద రాయిస్తే మనం ఊరుకుంటామా? కుందేలు ఊరుకుంటుంది. ప్రమాణాలు దానికి ఉండి మనకు లేకపోవడానికి ఇంతకు మించిన కారణం నాకు కనబడలేదు.

ఆ పోటీల్లో నిబంధనల ప్రకారం వచ్చిన ఒక్కో గెలుపును ఒక్కో ‘కాలు’గా లెక్కవేస్తారు. అలాంటి కాళ్లు మూడు కూడితే గ్రాండ్ ఛాంపియన్ పట్టాకు దారి తెరుచుకుంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించినవాణ్ణి మనవాళ్లు ఇన్నాళ్లూ మొండివాడని ఆడిపోసుకున్నారు. ఆయన దగ్గర పట్టా ఉండి ఉంటుంది.

ఇక ఇంగ్లిష్ స్పాట్. ఈ జాతి ప్రమాణం రాసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. ఒళ్లు తెల్లగా ఉండాలి. ముక్కు మీద రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో మచ్చ ఉండాలి. కళ్ల చుట్టూ తెగని వలయాలు, ఒక్కో బుగ్గకు ఒక్కో చుక్క, నిండు రంగు చెవులు, మెడ నుంచి తోక దాకా వెన్ను వెంట ఎక్కడా తెగని చార, రెండు పక్కలా వరుస కట్టిన చుక్కలు. చుక్క ఉండకూడని చోట ఉంటే తప్పు, ఉండాల్సిన చోట లేకపోతే ఇంకా తప్పు. సీతాకోకచిలుక ఒక రెక్క విరిగినట్టు కనిపిస్తే ఆ కుందేలు భవిష్యత్తు కూడా విరిగినట్టే.

ఇంత అందం ఎలా పుడుతుందో చూడండి. చుక్కల జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే రావాలి. ఇద్దరి నుంచీ వస్తే చుక్కలు చాలావరకు మాయమై, సీతాకోకచిలుక కుంచించుకుపోయి ముక్కు కింద చిన్న మీసంలా మిగులుతుంది. చాప్లిన్‌ను తలచుకుని వీటికి చార్లీలని పేరు పెట్టారు. పెద్దపేగు సరిగా పనిచేయని జబ్బు కూడా వీటిని ఎక్కువగా పట్టుకుంటుంది. ఎవరి నుంచీ రాకపోతే ఒళ్లంతా ఒకే రంగు, ఒక్క చుక్క ఉండదు. ఇప్పుడు కప్పులు గెలిచిన రెండు చుక్కల కుందేళ్లను జత కట్టించండి. సగటున నాలుగు పిల్లల్లో రెండే చుక్కలవి పుడతాయి, ఒకటి చార్లీ, ఒకటి నిండు రంగుది. అంటే సాక్షాత్తూ ఛాంపియన్ల సంతానంలో సగం పుట్టుకతోనే జాతి పరీక్ష తప్పుతుంది. ఈ లెక్కను మెండెల్ 1866లోనే బఠాణీల మీద వేసి అచ్చులో పెట్టాడు. బఠాణీలకు చెవులు లేవు కాబట్టి న్యాయనిర్ణేతలు దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

అసలు చమత్కారం దీని తర్వాతిది. పోటీకి పనికిరాని చార్లీని, పోటీకి పనికిరాని నిండు రంగు కుందేలుతో జత కట్టిస్తే పుట్టిన ప్రతి పిల్లకూ చుక్కలుంటాయి. ఆ చుక్కలు సరైన చోట పడతాయా లేదా అన్నది వేరే జన్యువుల దయ. కాని బల్ల ఎక్కే అర్హత లేని ఇద్దరి పిల్లలందరూ బల్ల ఎక్కడానికి వరుసలో నిలబడతారు, బల్ల మీద కప్పులు గెలిచిన ఇద్దరి పిల్లల్లో సగం మంది ఇంటి దగ్గరే ఉండిపోతారు. మరి శుద్ధత అంటే ఏమిటని ఎవరైనా అడగబోతే, అలాంటి అనుమానాలు ఉన్నవాళ్లు కుందేళ్ల జోలికి రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

హిమాలయన్ జాతికి మరో పరీక్ష ఉంది. తెల్లని ఒంటికి ముక్కు, చెవులు, పాదాలు, తోక మాత్రమే ముదురు రంగులో ఉండాలి. ఆ రంగును తయారుచేసే ఎంజైము చల్లని చోటే పనిచేస్తుంది, ఒంటి వెచ్చదనంలో చేతులెత్తేస్తుంది. వీపు మీద బొచ్చు గొరిగి మంచు సంచి కట్టి ఉంచితే అక్కడ నల్ల బొచ్చు మొలుస్తుందని జీవశాస్త్రం పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. గూడు పెట్టెలో చలి సోకిన పిల్లకు తెల్లగా ఉండాల్సిన ఒంటి మీద బూడిద రంగు కమ్ముకుంటుంది. ఎండలు ముదిరితే నల్లగా ఉండాల్సిన చోట నలుపు వెలిసిపోతుంది. అంటే వంశమంతా వడపోసి సాధించిన రంగులో కొంత వాటా వాతావరణానిది. న్యాయనిర్ణేత మాత్రం కుందేలునే బల్ల దింపుతాడు, ఎండను అనర్హం చేసే నియమం గ్రంథంలో లేదు. వచ్చే సవరణలో చేరుస్తారని ఎదురుచూద్దాం.

జూలున్న లయన్‌హెడ్ కుందేలుకు అమెరికా సంఘం గుర్తింపు వచ్చింది 2014లో. అంతకు ముందూ దానికి జూలు ఉండేది, కాకపోతే అనుమతి లేకుండా ఉండేది.

డచ్ కుందేలు పెంచేవాళ్లకు ఎదురుచూపులు అక్కర్లేదు. పుట్టిన పిల్ల కళ్లు మూసుకునే ఉంటుంది, ఒంటి మీద బొచ్చు ఉండదు. అయినా చర్మం మీదే రంగుకూ తెలుపుకూ మధ్య సరిహద్దు తెలిసిపోతుంది. పెంపకందారు పెట్టె మూత తీసి, పిల్లను అరచేతిలో అటూ ఇటూ తిప్పి, నడుము చుట్టూ గీత వంకర లేకుండా తిరిగిందా, వెనక పాదాల తెలుపు రెండు వైపులా ఒకే చోట ఆగిందా అని చూస్తాడు. దాని కళ్లు తెరుచుకోవడానికి పది రోజులు పడుతుంది, తలరాత తేలడానికి పది సెకన్లు చాలు. గీత వంకరపోయిన పిల్ల ఎవరింటికో ముద్దుల కుందేలుగా పోతుంది, లేదా వంటింటి దారి పడుతుంది. గీత తిన్నగా ఉన్నది బోనులో ఉండి బల్లలు ఎక్కుతుంది.

నెదర్లాండ్ డ్వార్ఫ్ దగ్గరికి వచ్చేసరికి నాకు కాస్త గొంతు సవరించుకోవలసి వస్తోంది. గుండ్రటి తల, పొట్టి చెవులు. బరువు 2.5 పౌండ్లు దాటితే అమెరికా పోటీల్లో చోటు లేదు. కిలో పైన వంద గ్రాముల పైచిలుకు, అంతే. ఈ బుల్లితనం కూడా చుక్కల లాంటిదే, మరుగుజ్జు జన్యువు ఒక్కటి వస్తేనే కప్పు. రెండు వస్తే పిల్ల మరీ చిన్నదిగా పుట్టి, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. అలాంటి పిల్లలను పెంపకందారులు వేరుశనగ గింజలంటారు. రెండు అసలు సిసలు డ్వార్ఫ్‌లను కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి గింజే. గ్రంథంలో చెవికి కొలత ఉంది, తలకు మార్కులున్నాయి. ఈ గింజల లెక్క రాసుకునే చోటు మాత్రం కనబడదు.

ఆ జన్యువు ఒక్కటీ రాని పిల్ల బతికి బట్టకడుతుంది గాని, చెవులు సాగి, ముఖం కోలగా తయారై, బరువు గీత దాటేస్తుంది. పోటీ ముఖం చూడదు. మగదైతే ఎవరికో ఇచ్చేస్తారు. ఆడదైతే తెలివైన పెంపకందారు వదులుకోడు. ఇది ఈతకు ఎక్కువ పిల్లల్ని పెడుతుంది, తేలిగ్గా ఈనుతుంది, మరుగుజ్జు మగదానితో కలిపితే గింజ ఒక్కటీ పుట్టదు. సగం పిల్లలు బుల్లివి, సగం తల్లి పోలికవి. ఇంత ఉపకారం చేసే తల్లికి పెంపకందారులు పెట్టుకున్న పేరు ‘పెద్ద అనాకారి ఆడది’. కప్పు పక్కన ఫొటోకు కూర్చున్న బుల్లి ఛాంపియన్లలో ఇలాంటి తల్లి కన్నవి తక్కువేమీ కాదు.

అలాంటి ఛాంపియన్‌ను అమ్మేటప్పుడు మూడు తరాల వంశవృక్షం కాగితం చేతికిస్తారు. పేరు, రంగు, బరువు, ఛాంపియన్ పట్టా సంఖ్య, ప్రతి పూర్వీకుడికీ అవే గళ్లు. తల్లి దగ్గర బరువు గడిలో అంకె మరీ ఎక్కువగా ఉంటుంది, పట్టా గడి ఖాళీ. కొనేవాడు అక్కడ వేలు పెట్టి చూపిస్తూ ధర తగ్గించమంటాడు. అమ్మేవాడు తగ్గిస్తాడు కూడా. పోనీ, ఆ తల్లినే ఇస్తారా అని అడిగితే మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు.