1,160 టాయిలెట్లు, సున్నా కప్పులు

మైక్రోసాఫ్ట్ మాజీ సీఈఓ స్టీవ్ బాల్మర్ గారికి లోకం అన్యాయం చేసింది. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు, కీబోర్డు కూడా లేని ఫోనుకి 500 డాలర్లా అని ఆయన పగలబడి నవ్విన వీడియోనే ఇప్పటికీ తిప్పితిప్పి చూపిస్తారు. ఐఫోన్ దుకాణాల ముందు క్యూ ఆయనకి కనపడలేదు, ఒప్పుకుంటాం. మరి బాత్రూముల ముందు క్యూని ఆయనంత శ్రద్ధగా చూసిన కోటీశ్వరుడెవరు?

లాస్ ఏంజిలెస్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో, దాదాపు 200 కోట్ల డాలర్లు పోసి 2024లో తెరిచిన ఆయన బాస్కెట్‌బాల్ స్టేడియం ఇంట్యూట్ డోమ్ చూడండి. 18,000 సీట్లు. టాయిలెట్లు, యూరినల్స్ కలిపి 1,160. పదహారు మందికి ఒకటి లెక్క. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ వేదిక మీద చొక్కా తడిసి ముద్దయ్యేదాకా ‘డెవలపర్స్, డెవలపర్స్’ అని అరిచిన గొంతు, ఇప్పుడు అదే భక్తితో టాయిలెట్ల మహిమ చెబుతోంది.

ఆయన సంపాదన సూత్రం కూడా పండితులు గమనించాలి. సీఈఓగా కంపెనీ ఆదాయం మూడింతలు చేసినా షేరు బద్ధకంగా పడుకునే ఉంది. 2013 ఆగస్టులో ‘దిగిపోతున్నా’ అన్నారో లేదో, ఒక్కరోజులో 7 శాతం లేచింది! ఆ కుర్చీలోకి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మన సత్య నాదెళ్ల వచ్చారు. షేర్లు అమ్ముకోకుండా అట్టిపెట్టుకున్న బాల్మర్ గారి ఆస్తి ఎన్నో రెట్లయింది. కష్టం అల్లుడిది, ఖాతా మామది.

ఖాళీగా ఉండలేక 2014లో లాస్ ఏంజిలెస్ క్లిప్పర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టుని 200 కోట్ల డాలర్లకు కొన్నారు. పాత యజమాని 1981లో దాన్ని కొన్నది కోటీ పాతిక లక్షల డాలర్లకి. బేరమాడటం మర్యాద కాదనుకున్నారు కాబోలు. ఆ జట్టుకి డోమ్ కట్టొద్దని పక్కనున్న ఫోరమ్ అనే పాత స్టేడియం వాళ్లు కోర్టుకెక్కితే, 2020లో 40 కోట్ల డాలర్లిచ్చి ఆ ఫోరమ్‌నే కొనేశారు. మనవాళ్లు గోడ తగాదాలకి ఇంకా వకీళ్ల చుట్టూ తిరుగుతున్నారు, పాపం.

కొత్త డోమ్‌లో ఒక బాస్కెట్ వెనక సొంత అభిమానుల కోసం 51 వరుసల సీట్లతో ‘వాల్’ కూడా కట్టించారు. అక్కడ ఎదుటి జట్టు చొక్కా వేసుకుంటే ఒప్పుకోరు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కప్పు ఇంతవరకు లేదు. 2021లో మొదటిసారి కాన్ఫరెన్స్ ఫైనల్ (అసలు ఫైనల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లి, అక్కడే ఆగారు. 2024 అక్టోబర్ 23న, సాక్షాత్తు గృహప్రవేశం నాడు, ఫీనిక్స్ సన్స్ వచ్చి ఓవర్‌టైమ్‌లో 116–113తో గెలిచి, భోంచేసినట్టు వెళ్లిపోయారు. యజమాని గారు మాత్రం మ్యాచ్‌ మ్యాచ్‌కీ గెంతుతూ అరుస్తూనే ఉంటారు. షేరు విషయంలో పనిచేసిన సూత్రమే ఇక్కడా వేసి, ఒక్క సీజన్ ఇంట్లో కూర్చోండి సార్ అనే ధైర్యం ఎవరికుంది?

ఇది అంటువ్యాధి కూడా. నాదెళ్ల గారు సియాటిల్ ఓర్కాస్ అనే క్రికెట్ జట్టులో వాటాదారు. 2023లో అమెరికా క్రికెట్ లీగ్ పట్టికలో అందరికన్నా పైన నిలిచిన ఆ జట్టుని, ఫైనల్లో నికొలస్ పూరన్ 55 బంతుల్లో 137 బాది ఇంటికి పంపాడు.

క్లిప్పర్స్ అభిమానుల బాధ వేరు. వెనకటికి జట్టు నాలుగో క్వార్టర్‌లో కుప్పకూలుతుంటే వాళ్లు బాత్రూమ్ క్యూలో క్షేమంగా ఉండేవాళ్లు. ఇప్పుడు రెండు నిమిషాల్లో పని ముగించుకుని సీట్లోకి వచ్చి పడుతున్నారు. మొత్తం చూడాల్సి వస్తోంది.