ముట్టుకుని మోసపోయాను

నా మొదటి క్యాష్‌మీర్ స్వెటరు మూడోసారి తొడుక్కునేసరికే చంకల దగ్గర ఉండలు కట్టింది. ఎంతకు కొన్నానో చెప్పను, ఇంట్లోవాళ్లు కూడా ఈ పత్రిక చదువుతారు. కొనేటప్పుడు నేను చేసిన పరీక్ష ఒక్కటే, చేత్తో తడిమి చూడడం. షాపులో పక్కపక్కనే రెండున్నాయి. ఒకటి కాస్త బిగువుగా, పొడిపొడిగా ఉంది, ఇందులో ఏముందిలే అనిపించింది. రెండోదాని మీద చెయ్యి పెడితే దూదిలోకి దిగినట్టుంది. ఇంకేం, ఆ దూదే పట్టుకొచ్చాను. నేను షాపులో వదిలేసి వచ్చిందే మంచి స్వెటరని అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

అప్పట్నుంచీ ఎవరైనా "ఒక స్వెటరుకి అంత డబ్బు పెట్టొచ్చా?" అని అడిగితే నేను మేక దగ్గర మొదలుపెడతాను. వినేవాళ్లకి విసుగే, అయినా సరే.

క్యాష్‌మీర్ అంటే మేక ఒంటిమీద మనకు పైకి కనిపించే బొచ్చు కాదు. ఆ ముతక బొచ్చు అడుగున చలికి తట్టుకోవడానికి పెరిగే సన్నటి నూగు. చలి తగ్గి వసంతం వచ్చేసరికి అది దానంతటదే ఊడడం మొదలవుతుంది, అప్పుడు కాపరులు మేకను పడుకోబెట్టి పొడవాటి పళ్ల దువ్వెనతో దువ్వి తీస్తారు. కొన్ని దేశాల్లో కత్తిరించేస్తారు కూడా. అలా తీసినదాంట్లోంచి మట్టి, జిడ్డు, ముతక వెంట్రుకలు అన్నీ వేరు చేశాక ఒక మేక నుంచి ఏడాదంతా కలిపి దక్కేది సుమారు 150 నుంచి 200 గ్రాములు. అంటే ఒక్క స్వెటరుకి రెండు నుంచి నాలుగు మేకల ఏడాది పంట కావాలి. గొర్రె అయితే ఒక్కటే ఏడాదికి కిలోల లెక్కన ఉన్ని ఇస్తుంది. ధర ఎందుకు ఎక్కువ అన్న ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది, ఇందులో మోసం ఏమీ లేదు.

పేరు కశ్మీరుది. లద్దాఖ్‌లో చాంగ్‌థాంగ్ అనే పీఠభూమి మీద, 4,000 మీటర్లకు పైన, చాంగ్‌పా సంచార కాపరులు మేపే మేకల నూగు కిందికి కశ్మీరు లోయకు వచ్చి అక్కడ శాలువా అయ్యేది, ఆ శాలువాల మోజులో పడ్డ యూరప్‌వాళ్లు ఆ పేరే ఉన్నికి కూడా పెట్టేశారు. ఇప్పుడు మాత్రం ప్రపంచానికి వచ్చే సరుకులో చాలా భాగం చైనాదీ, ముఖ్యంగా అక్కడి ఇన్నర్ మంగోలియా ప్రాంతానిదీ, దాని తర్వాత మంగోలియా దేశానిదీ.

సరే, అసలు విషయం. ఈ ఉన్నిలో మంచీ చెడూ తేల్చేవి రెండు, పోగు ఎంత సన్నం, ఎంత పొడవు. సన్నదనం గురించి అందరూ మాట్లాడతారు. అమెరికా చట్టం ప్రకారమైతే సగటు మందం 19 మైక్రాన్లు దాటితే దాన్ని క్యాష్‌మీర్ అని అమ్మకూడదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మన తల వెంట్రుక ఈ 19కి మూడు నాలుగు రెట్లు ఉంటుంది). పొడవు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు, లేబుల్ మీద అసలే ఉండదు. కానీ స్వెటరు పదేళ్లు బతుకుతుందా పది వారాలు బతుకుతుందా అన్నది తేల్చేది అదే. పొడుగు పోగులు దారంలో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి, పొట్టివాటి కొసలు బయటికి వచ్చేస్తాయి, రాపిడికి ఒకదానికొకటి చుట్టుకుని ఉండలవుతాయి. "నూరు శాతం క్యాష్‌మీర్" అని లేబుల్ మీద రాసింది నిజమే అయ్యుండొచ్చు, నా స్వెటరు మీదా అదే రాసుంది, అది అబద్ధమని నేను అనడం లేదు. దానివల్ల ఒరిగేదేమీ లేదంటున్నాను, అంతే.

ఇక నేను పడిన బోల్తా ఏమిటంటే, అల్లిన తర్వాత స్వెటరుని నీళ్లలో బాగా గుంజి ఉతుకుతారు, దాంతో పైకి నూగు లేస్తుంది, మెత్తదనం వస్తుంది. ఇది ఎవరైనా చేసేదే. కొందరు మాత్రం షాపులో చెయ్యి పెట్టగానే కొనేయాలని అవసరానికి మించి గుంజేస్తారు. అలా లేచిన నూగంతా దారంలోంచి వచ్చిందే కదా, అంటే మన చేతికి తగిలే ఆ మెత్తదనం స్వెటరు తన ఆయుష్షులోంచి ముందే తీసి ఇచ్చేసిన అప్పులాంటిది. మంచివాళ్లు కొంచెం తక్కువగా ఉతికి వదిలేస్తారు, అది మొదట పొడిగా అనిపించినా మన ఒంటిమీద, మన ఉతుకుల్లో ఏళ్ల తరబడి మెత్తబడుతూ పోతుంది. షాపులో మేడిపండులా నిగనిగలాడేదాన్ని చూస్తే ఇప్పుడు నాకు భయం.

ఇప్పుడు నేను షాపులో చేసే పనులు చూస్తే అక్కడివాళ్లకి చిరాకే. స్వెటరు అంచుని కొంచెం లాగి వదులుతాను, వెంటనే వెనక్కి రావాలి, సాగిపోయి అలాగే వేలాడితే అక్కడే పెట్టేస్తాను. అరచేత్తో ఒకచోట నాలుగైదుసార్లు రుద్దుతాను, వెంట్రుకలు చేతికొచ్చినా, చిన్న చిన్న పీచు ఉండలు మొదలైనా నమస్కారం. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తాను, అవతలి మనిషి మొహం కనిపిస్తుంటే అది అల్లిక కాదు, జల్లెడ. రెండు పేటలు కలిపి పేనిన దారమా అని అడుగుతాను. ఒంటి పేట దారంతో అల్లింది తేలిగ్గా, అందంగా ఉంటుంది కానీ త్వరగా చిరుగుతుంది, వంకర కూడా తిరుగుతుంది.

మరి ధర? చౌకగా వచ్చే క్యాష్‌మీర్ నా లెక్కలో అన్నిటికంటే ఖరీదైంది, రెండు చలికాలాలకి కూడా రాదు కాబట్టి. ఆ డబ్బుకి మంచి మెరినో (సన్నటి ఉన్నిచ్చే గొర్రె జాతి) ఉన్ని స్వెటరు కొనుక్కోవడం ఎంతో నయం. సన్నటి మెరినో కూడా ఇంచుమించు అంతే సన్నం, పైగా రాపిడికి ఎక్కువ తట్టుకుంటుంది. ఒకటి ఒప్పుకోవాలి, అంత తక్కువ బరువులో అంత వెచ్చదనం మెరినోకి రాదు. అలాగని గొర్రె ఉన్ని కంటే ఎనిమిది రెట్లు వెచ్చన అని ప్రకటనల్లో ఊదరగొడుతుంటారు చూడండి, నేనైతే ఆ ఎనిమిదిని నమ్మను.

చౌకదానికి ఇంకో ఖర్చు కూడా ఉంది, అది మన బిల్లులో కనపడదు. మంగోలియాలో 1990లో సుమారు 50 లక్షల మేకలుండేవి, 2019 నాటికి 2 కోట్ల 90 లక్షల దాకా పెరిగాయి. అప్పటిదాకా ప్రభుత్వం చేతిలో ఉన్న మందలు 1990ల మొదట్లో కాపరుల సొంతమయ్యాయి, చేతికి నగదు తెచ్చేది ఈ నూగే, మేకల్ని పెంచక ఏం చేస్తారు? మేక గడ్డిని వేళ్లదాకా కొరికేస్తుంది, గిట్టలతో నేలను గీరుతుంది. మేత పలచబడ్డ ఏడాది, అక్కడ ఎండాకాలంలో పడాల్సిన వానలు పడక, ఆ వెనకే గడ్డకట్టే చలికాలం వస్తే దాన్ని వాళ్లు జుడ్ అంటారు. 2009-10లో వచ్చిన జుడ్‌కి 80 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. కాపరులని తప్పు పట్టను నేను, ఏటా మరింత చౌకగా కావాలని అడిగేది మనమే.

పై మెట్టు సంగతి వేరే. ఒక స్థాయి దాకా ధర పెరిగితే పోగు పొడుగవుతుంది, దారం బాగుంటుంది, భుజాల దగ్గర అతుకులు ఒక్కో కుట్టూ కలిపి మూస్తారు, అదంతా మనం కట్టే డబ్బుకి వచ్చేదే. అది దాటాక డబ్బంతా పేరుకి. ఏడాదిలోపు మేకపిల్లల్ని జీవితంలో ఒక్కసారి దువ్వితే ఒక్కోదానికి 30 గ్రాములకు అటూ ఇటూగా వచ్చే నూగుతో కూడా స్వెటర్లు చేస్తారు. ఇంకో ఒకటి రెండు మైక్రాన్లు సన్నం, నిజమే, కానీ ఆ తేడా నా మెడకి తెలియదు, మీ మెడకి తెలిస్తే మీ ఇష్టం.

పోనీ అంత డబ్బు తీసుకున్నారు కదా, కుట్టినవాళ్లకైనా బాగా ఇస్తారేమో అనుకుంటాం. 2025 జూలైలో ఇటలీలోని మిలాన్ కోర్టు, ఖరీదైన క్యాష్‌మీర్ బట్టలకి పేరున్న లోరో పియానా కంపెనీని ఏడాదిపాటు కోర్టు నియమించిన అధికారి పర్యవేక్షణలో పెట్టింది. వాళ్ల జాకెట్లు చేతులు మారి మారి చివరికి కార్మికుల్ని పీడించే వర్క్‌షాపుల్లో తయారయ్యాయని, కంపెనీ పట్టించుకోలేదని. 3,000 నుంచి 5,000 యూరోలకు అమ్మే జాకెట్ల తయారీకి ఒక కాంట్రాక్టరుకి ముట్టింది ఒక్కోదానికి 118 యూరోలని ఆ కేసు పత్రాల్లో ఉంది. ఆ లెక్క అసలు చిత్రం కాదని, బట్ట ఖరీదు అందులో లేదని, ఆ సరఫరాదారుతో తెగతెంపులు చేసుకున్నామని కంపెనీ అంది. అనుకుందాం, బట్టకి ఎంత వేసుకున్నా మిగిలింది ఎక్కడికి పోయిందో లెక్కలు వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది.

కాబట్టి నా మాట, మధ్య మెట్టులో మంచిది ఒక్కటి కొనండి, అదీ దాన్ని చూసుకునే ఓపిక ఉంటేనే. ఇది వెంట్రుకే కదా, గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ వేసి ముంచి తీస్తే చాలు, మెలిపెట్టి పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే మోకాళ్లదాకా వస్తుంది. వరసగా రెండు రోజులు వేయకండి. ఎంత మంచిదైనా మొదట్లో కొన్ని ఉండలు కడుతుంది, దువ్వెనతో తీసేస్తే తగ్గిపోతాయి, కంగారు పడొద్దు. ముఖ్యంగా ఉతక్కుండా లోపల పెట్టకండి, చిమ్మట పిల్లలకు చెమట, కూర మరకలు అంటిన ఉన్ని అంటే పండగ. కలరా ఉండలు వేస్తే ఆ కంపు మళ్లీ వదలదు. జిప్పు సంచిలో పెట్టడం మేలు, పురుగు పట్టిందని అనుమానమొస్తే ఆ సంచిని అలాగే ఓ వారం ఫ్రీజర్‌లో పడేయండి. మా ఇంట్లో దీని మీద ఒకసారి పెద్ద గొడవే అయింది, ఐస్‌క్రీమ్‌కి చోటు లేదని.

రెండోసారి ఆ పొడిపొడిగా ఉన్న రకమే వెతికి కొన్నాను. ఎనిమిదేళ్లయింది, ఎడమ మోచేతి దగ్గర ఒక రఫ్ఫు తప్ప ఏమీ కాలేదు. మొదటిది పారేయబుద్ధి కాక ల్యాప్‌టాప్‌కి సంచి కుట్టించాను. ఆ సంచి కూడా ఉండలు కడుతోంది.