అడవివరం జైలు లెక్క నెలనెలా చెప్పాలి

అడవివరంలోని విశాఖ కేంద్ర కారాగారానికి ములాఖత్ కోసం వచ్చేవారిలో పాడేరు, చింతపల్లి మన్యం నుంచి కూలి మానుకుని, తెల్లవారకముందే బయల్దేరినవారూ ఉంటారు. గంజాయి కేసులో రిమాండుకు వెళ్లిన తమ మనిషి ఎప్పుడు బయటికొస్తాడో వారికి చెప్పేవారుండరు. అలాంటి ఖైదీలు అడవివరం గోడల వెనుక ఎందరున్నారో, ఎన్నాళ్లుగా మగ్గుతున్నారో తెలుసుకునే హక్కు మనందరికీ ఉంది.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా డిసెంబర్ 31 నాటి ఖైదీల సంఖ్యను ప్రకటిస్తుంది. 2022 చివరికి 4,36,266 మందికి సరిపడే దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారనీ, వారిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలేననీ మనకు తెలిసింది 2023 డిసెంబరులో. ఏడాది ఆలస్యంగా వచ్చే ఆ పట్టికలు ప్రధానంగా రాష్ట్రాలవారీవి. పైగా మార్చిలో వచ్చి అక్టోబరులో విడుదలైన మనిషి ఆ ఒక్కరోజు లెక్కలో కనిపించనే కనిపించడు.

వివరాలు సేకరించడం కొత్త భారమేమీ కాదు. బెయిల్ మంజూరైన తేదీని జైళ్ల కంప్యూటర్ రికార్డయిన ఈ-ప్రిజన్స్ వ్యవస్థలో నమోదు చేయాలనీ, ఏడు రోజుల్లో విడుదల కానివారి సంగతి ఉచిత న్యాయసాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలనీ సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. 2024 జులై 1 నుంచి సీఆర్పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షాకాలంలో మూడోవంతు, మిగిలినవారు సగం గడిపితే విడుదలకు జైలు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడదగిన నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. అర్హులెవరో తేల్చడానికైనా ప్రతి ఖైదీ లోపల గడిపిన రోజులు లెక్కించక తప్పదు. ఆ లెక్కను ప్రజల ముందుంచడమే మిగిలింది.

మొత్తం ఖైదీల సంఖ్య ఒక్కటే చాలదు. బెయిల్ వచ్చినా షూరిటీ (పూచీ ఇచ్చేవారు) దొరకక ఆగిపోయినవారు ఎందరన్నదే మాకు అన్నిటికన్నా ముఖ్యం. కోర్టు వదిలిపెట్టమన్నాక కూడా పేదరికమే వారిని నిర్బంధిస్తోంది. గంజాయి కేసుల్లో 20 కిలోలు దాటితే బెయిల్ షరతులు చాలా కఠినం కాబట్టి, మూటలు మోసిన కూలీలు ఆ గీతకు ఏ పక్కన ఉన్నారో కూడా విడిగా చూపాలి. పేర్లు, ఊర్లు అక్కర్లేదు.

జైళ్లు రాష్ట్రం పరిధిలోని అంశం. ఢిల్లీ నివేదిక కోసం ఆగకుండా, రాష్ట్ర జైళ్లశాఖ ప్రతి నెలా మొదటి వారంలో అడవివరం వివరాలను తెలుగులో వెలువరించి, జైలు గేటు దగ్గరి నోటీసు బోర్డు మీద కూడా అతికించాలి.