అనుభవం అనే దుబారా ఖర్చు

అమెరికా గూడ్సు రైలు కంపెనీలు లోకానికి చేసిన మేలు మనవాళ్ళకి ఇంకా సరిగ్గా తెలియలేదు. ముప్పై ఏళ్ళు పట్టాల మీదే బతికినవాడి పనితనం కంపెనీకి శుద్ధ దండగ అని లెక్కలు వేసి మరీ తేల్చింది వాళ్ళే. అంతవరకూ పాత మనిషి ఉంటే పని సాఫీగా సాగుతుందని జనం అమాయకంగా నమ్మేవారు.

ఈ శాస్త్రం పేరు ప్రెసిషన్ షెడ్యూల్డ్ రైల్‌రోడింగ్, పొట్టిగా పీఎస్ఆర్. బండ్లు పొడుగ్గా ఉండాలి, యార్డులు తక్కువ ఉండాలి, మనుషులు ఇంకా తక్కువ ఉండాలి. దీన్ని ఒక మతంగా నిలబెట్టిన మహానుభావుడు హంటర్ హారిసన్. 1960లలో మెంఫిస్‌లో వ్యాగన్ల కింద దూరి నూనె పోసే పనితో మొదలుపెట్టి, మెట్టు మెట్టు ఎక్కుతూ నాలుగు పెద్ద రైలు కంపెనీలకు అధిపతి అయ్యాడు. అంటే తనకు తెలిసినదంతా కింద నుంచే నేర్చుకున్నాడు. 2017లో సీఎస్ఎక్స్ అనే రైలు కంపెనీ పగ్గాలు పట్టినప్పుడు, పాత కంపెనీలో ఆయన వదులుకున్న సొమ్ముకు బదులుగా కొత్త కంపెనీ 8 కోట్ల 40 లక్షల డాలర్లు చెల్లించింది. రైలు కంపెనీలు అనుభవానికి విలువివ్వవని ఆడిపోసుకునేవాళ్ళు ఈ అంకె చూసైనా నోరు మూసుకోవాలి. ఒక్క మనిషి అనుభవానికే అంత పోశాక, తక్కిన వేలమందికి పోయడానికి ఏం మిగులుతుంది?

ఈ మతంలో మోక్షాన్ని కొలిచే సాధనం ఆపరేటింగ్ రేషియో. వంద డాలర్లు సంపాదించడానికి ఎన్ని డాలర్లు ఖర్చయ్యాయన్నదే లెక్క. అరవై దాటితే పాపం, అరవైకి దిగితే పుణ్యం, ఇంకా దిగితే వాల్‌స్ట్రీట్ పూలవాన కురిపిస్తుంది. ఇంజిను ఆస్తి కింద రాస్తారు. పట్టా ఆస్తి. యార్డు మూలన తుప్పు పట్టిన వ్యాగను కూడా ఆస్తే. మనిషి ఒక్కడే ఖర్చు. పని బాగా తెలిసిన మనిషైతే జీతం కూడా ఎక్కువ గనక ఇంకా పెద్ద ఖర్చు.

ఆ తెలిసిన పనేమిటో కూడా చూద్దాం. యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసే కార్‌మన్ ఉంటాడు. బేరింగ్ సీలు నుంచి గ్రీజు కారి చక్రం మీద నల్లటి చార పడిందా, బ్రేకు గొట్టంలో ఎక్కడైనా గాలి బుస్సుమంటోందా, చక్రం అంచు పగుళ్ళు తీసిందా, ఇవన్నీ నడుస్తూ నడుస్తూనే కనిపెడతాడు. ఒకప్పుడు వ్యాగనుకు మూడు నిమిషాలు ఇచ్చేవారనీ, ఇప్పుడు నిమిషం కూడా ఇవ్వడం లేదనీ సంఘాలవాళ్ళు వాపోతారు. వాళ్ళకు అర్థం కానిదేమిటంటే, మూడు నిమిషాలు చూస్తే లోపాలు కనబడతాయి. కనబడితే బాగు చెయ్యాలి. బాగు చేయడం ఖర్చు.

ఇంజిను నడిపేవాడి సంగతి ఇంకా విడ్డూరం. కొన్ని బండ్లు దాదాపు మూడు మైళ్ళ పొడుగుంటున్నాయని ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2019లో రాసింది. ఆ బండి తల ఒక గుట్ట దిగుతూ ఉంటుంది, నడుము గుట్ట మీద ఉంటుంది, తోక ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. వ్యాగన్లను కలిపే ప్రతి కప్లింగ్ దగ్గరా కాస్త వదులు ఉంటుంది కదా, తల దగ్గర బ్రేకు తొందరపడి వేస్తే వెనకున్న వేల టన్నులు వచ్చి వీపు మీద గుద్దుతాయి. తొందరపడి లాగితే ఎక్కడో మధ్యలో కప్లింగ్ తెగుతుంది. తెగితే కండక్టరు (మన బస్సు కండక్టరు కాదు, మన గూడ్సు గార్డుకు దగ్గరి చుట్టం) చీకట్లో, కంకర మీద, మైలుకు పైగా వెనక్కి నడిచి వెళ్ళి చూడాలి. ఏ మలుపులో ఎంత ఒత్తాలో పాత డ్రైవరుకు ఒంటికే తెలిసిపోతుంది. ఒంటికి తెలిసింది ఎక్సెల్ షీట్లో ఎక్కదు. షీట్లో లేనిది లేనట్టే.

ఉద్యోగాలు తీసేస్తే సీనియారిటీ ప్రకారం ముందు కుర్రవాళ్ళే కదా పోవాలి, పాతవాళ్ళు ఎందుకు పోయారని ఎవరికైనా సందేహం రావచ్చు. కుర్రవాళ్ళూ పోయారు. కానీ ఏకంగా షెడ్డుకే తాళం వేస్తే, ఇరవై ఏళ్ళ సర్వీసున్నవాడు ఇల్లూ పిల్లల బడీ వదులుకుని వేరే రాష్ట్రానికి పోవాలి, లేదా సీనియారిటీకి దండం పెట్టి ఇంట్లో కూర్చోవాలి. చాలామంది దండం పెట్టారు. ఇక నేర్పేవాడు వెళ్ళిపోయాడు, నేర్చుకునేవాడు అప్పటికే వెళ్ళిపోయాడు. మన సాఫ్ట్‌వేర్ తమ్ముళ్ళను తీసేసేటప్పుడు కనీసం 'కేటీ' (తెలిసిన పని ఇంకొకడికి అప్పగించడం) అనే కర్మకాండ ఒకటి జరిపిస్తారు. ఇక్కడ అదీ లేదు.

ఫలితాలు దివ్యంగా వచ్చాయి. 2017 వేసవిలో సీఎస్ఎక్స్ యార్డులు వరసపెట్టి మూసేసరికి ఎవరి సరుకు ఎక్కడుందో అంతుపట్టక ఖాతాదారులు గగ్గోలు పెట్టారు. కొందరు ఉద్యోగులు మార్పుకు అడ్డుపడుతున్నారని హారిసన్ ఆ ఖాతాదారులకు ఉత్తరం రాశాడు. 2022 నాటికి పెద్ద రైలు కంపెనీలన్నీ కలిపి ఆరేళ్ళలో 45,000 మందిని, అంటే 29 శాతం సిబ్బందిని వదిలించుకున్నాయని ప్రభుత్వ రైలు నియంత్రణ బోర్డు ఛైర్మన్ మార్టిన్ ఓబర్మన్ లెక్క చెప్పాడు. ఆయన దాన్ని ఫిర్యాదుగా చెప్పాడు గానీ, నాకైతే సన్మానపత్రంలా వినిపించింది.

కోవిడ్ తగ్గి సరుకు పెరిగాక, ఫర్లో మీద, అంటే జీతం లేకుండా ఇంటికి, పంపినవాళ్ళను రమ్మని కబురు పెట్టారు. చాలామంది రాలేదు. అప్పుడు చేరితే బోనస్ అంటూ ప్రకటనలు వేసి, నెలల తరబడి శిక్షణ ఇచ్చి కొత్తవాళ్ళను తెచ్చుకోవాల్సి వచ్చింది. పొదుపు అంటే ఇదీ. జ్వరమొస్తే జీతంతో సెలవు లేని ఉద్యోగానికి మనుషులు ఎందుకు ఎగబడటం లేదో అప్పటి నిపుణులకు బోధపడలేదు.

ఈ లోపు కాలిఫోర్నియాలో కోళ్ళు అసహనం ప్రదర్శించాయి. ఫోస్టర్ ఫార్మ్స్ అనే కోళ్ళ కంపెనీకి యూనియన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ మొక్కజొన్న చేర్చాలి. చేరలేదు. కోళ్ళూ ఆవులూ మేత లేక చచ్చిపోయేలా ఉన్నాయని ఫోస్టర్ ఫార్మ్స్ ఆ నియంత్రణ బోర్డును ఆశ్రయిస్తే, 2022 జూన్‌లో బోర్డు అత్యవసర ఉత్తర్వు ఇచ్చి మరీ మేత తెప్పించాల్సి వచ్చింది. ఆపరేటింగ్ రేషియో ఎంత బాగుందో చెబితే ఆ కోళ్ళు కాస్త ఓపిక పట్టేవే. ఎవరూ చెప్పలేదు.

2023లో ఇంకో అపశ్రుతి. నెబ్రాస్కాలో యూనియన్ పసిఫిక్‌కు ఉన్న నార్త్ ప్లాట్ యార్డు ప్రపంచంలోకెల్లా పెద్దది. అక్కడికి కేంద్ర రైల్వే భద్రతా ఇన్‌స్పెక్టర్లు వెళ్ళి చూస్తే, చూసిన ఇంజిన్లలో 72 శాతానికి పైగా, వ్యాగన్లలో దాదాపు 20 శాతం ఏదో ఒక లోపంతో దొరికాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీ మెకానికల్ సిబ్బందిని ఫర్లో మీద పంపుతోంది. ఇన్‌స్పెక్టర్లను కూడా ఫర్లో చేసి ఉంటే యార్డులో ఒక్క లోపమూ ఉండేది కాదు. ఈ సూచన ఉచితం.

ఇక బండికి ఎంతమంది ఉండాలన్న చర్చ. ఒకప్పుడు గూడ్సు మీద అయిదుగురు ఉండేవారు. తర్వాత ఇద్దరయ్యారు. ఒక్కడు చాలడా అని కంపెనీలు అడుగుతూ వచ్చాయి. పంచపాండవులంటే మంచం కోళ్ళలాగా ముగ్గురని, రెండు వేళ్ళు చూపించి, ఒకటి రాసినవాడు ఇక్కడ ఏదో రైలు కంపెనీ డైరెక్టరై ఉండేవాడు. 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం అడ్డుపడి, చాలావరకు బండ్లలో ఇద్దరు ఉండాల్సిందేనని నిబంధన పెట్టింది. ప్రగతికి ప్రభుత్వాలు ఎప్పుడూ శత్రువులే.

అయినా నిరాశ అక్కర్లేదు. 2025 జులైలో యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్ అనే ఇంకో రైలు కంపెనీని 85 బిలియన్ డాలర్లకు కలుపుకుంటానని ప్రకటించింది. సంఘాల్లో ఉన్న ఉద్యోగులెవరికీ ఉద్యోగం పోదని మాట కూడా ఇచ్చింది. ఆ మాట విని వాటాదారులు టెన్షన్ పడాల్సిన పని లేదు. అమెరికా రైల్వే పెన్షన్ చట్టం ప్రకారం 30 ఏళ్ళ సర్వీసున్నవాడు 60 నిండగానే పూర్తి పెన్షన్‌తో తనంతట తానే వెళ్ళిపోవచ్చు. తీసేయక్కర్లేదు, నష్టపరిహారం అక్కర్లేదు, ఆ ఖాళీని నింపకుండా ఊరుకుంటే చాలు. వెళ్ళే రోజున షెడ్డులో ఒక కేకు కోయిస్తే సరిపోతుంది. కేకు ఖర్చు మాత్రం ఆపరేటింగ్ రేషియోలోకే వస్తుంది కాబట్టి, చిన్నది తెప్పించాలి.