చూసుకునే మనిషిని ఎవరూ అడగరేం?

"అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి హోమ్‌లో పడేశారట" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అనేవాళ్ళకి పిల్లల రాతిగుండె ఒక్కటే కనబడుతుంది. ఆ ఇంట్లో రాత్రి రెండు గంటలకి ఏం జరుగుతోందో కనబడదు.

పెద్దవాళ్ళు ఇల్లు వదిలి కేర్ హోమ్‌లో ఎందుకు చేరాల్సి వస్తుందో పరిశోధకులు ఎప్పటినుంచో చూస్తున్నారు. వయసు, ఒంటరిగా ఉండటం సరే. బాగా బలంగా తేలేవి రెండు: డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు), తన పనులు తాను చేసుకోలేకపోవడం. స్నానం, బట్టలు కట్టుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళడం, మంచం దిగడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికా డాక్టరు బృందం ఇచ్చిన ఈ ఆరు పనుల కొలతే ఇప్పటికీ వాడుతున్నారు. వీటిలో మూడింటికి ఇంకొకరి చెయ్యి కావాల్సొస్తే ముప్పు బాగా పెరుగుతుంది. పడిపోవడం మరొకటి. 1997లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, పడి గట్టి దెబ్బ తగిలినవాళ్ళు కేర్ హోమ్‌లో చేరే ముప్పు అసలు పడనివాళ్ళకన్నా సుమారు 10 రెట్లు. బాత్రూమ్ గోడకి పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించమంటే "తర్వాత చూద్దాంలే" అనేవాళ్ళు ఈ అంకె చూడాలి.

ఇవన్నీ డాక్టరు ఫైల్లో ఉంటాయి. ఉండనిది చూసుకునే మనిషి పరిస్థితి. తడిసిన దుప్పటి తీయాలంటే పడుకున్న మనిషిని ఒక పక్కకి ఒత్తిగించాలి, దుప్పటి చుట్టచుట్టి వీపు కిందికి తోయాలి, పొడిది పరిచి మళ్ళీ అటు ఒత్తిగించాలి. రాత్రికి రెండు మూడుసార్లు. గడియ తీసుకుని బయటికి వెళ్ళిపోతారేమోనన్న టెన్షన్ వేరే. చాలా ఇళ్ళలో ఈ చాకిరీ చేసేది తనూ వయసు మళ్ళిన భార్యే. ఆవిడ నడుం పట్టేసిందంటే, ఆయన జబ్బు ముదరకపోయినా ఆయన ఇల్లు వదలాల్సిందే.

న్యూయార్క్‌లో అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) ఉన్నవాళ్ళని చూసుకునే వాళ్ళ భార్యకో, భర్తకో కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడారు, అవసరమైనప్పుడు ఫోన్‌లో అందుబాటులో ఉన్నారు. రోగికి కొత్త మందేం ఇవ్వలేదు. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం కేర్ హోమ్‌లో చేర్చడం 557 రోజులు వెనక్కి జరిగింది. ఏడాదిన్నర!

అందుకే అడుగుతున్నాను. డాక్టరుగారూ, బీపీ చూశాక పక్కన నిలబడ్డ ఆవిడ వైపు తిరిగి "మీకు నిద్ర పడుతోందా, ఇంట్లో మీకు సాయం ఎవరు?" అని అడగండి. దూరాన ఉండి ఫోన్‌లో సలహాలిచ్చే తోబుట్టువులూ, వచ్చి నాలుగు రాత్రులు మీరు కాయండి. అన్నీ చేసినా కుదరక చేర్చాల్సి వచ్చిన ఇళ్ళు ఉంటాయి. వాళ్ళని మాత్రం దయచేసి మాటలనకండి.